పిలుపులమ్మ ఇచ్చిన పేరు

రోజూ పొద్దున్నే, పిల్లల ఆస్పత్రి తలుపులు తెరవకముందే, ఆమె వరండాలో ఖాళీ బల్లల ముందు నిలబడి ఆ రోజు రాబోయే పిల్లల పేర్లన్నీ ఒకసారి పైకి చదువుకునేది. ముందు ఒక గ్లాసు వేడినీళ్ళు తాగి గొంతు సవరించుకునేది. తర్వాత కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని, ముందురోజే రాయించి పెట్టిన చీటీలు ఒక్కొక్కటే కంటికి దగ్గరగా పెట్టుకుని, పరీక్షకు వెళ్ళే పిల్లలాగా వల్లె వేసుకునేది. నోరు తిరగని పేరు తగిలితే అక్కడే ఆగి, నాలుగైదుసార్లు అటూ ఇటూ తిప్పి, నాలుకకు అలవాటైతే గానీ కింది చీటీకి వెళ్ళేది కాదు. నేల తుడిచే అతను తడిగుడ్డ పక్కన పెట్టి, "బల్లలన్నీ హాజరు పలికాయా అక్కా?" అని ఆటపట్టించేవాడు. "రెండో బల్ల ఇంకా నిద్ర లేవలేదు, కాస్త తట్టి లేపు" అనేదామె, మొహంలో నవ్వు కనిపించనీయకుండా.

ఆమె ఉద్యోగం పేర్లు పిలవడం. డాక్టరుగారి గది గుమ్మం పక్కన నిలబడి, వంతు వచ్చిన బిడ్డను పేరు పెట్టి లోపలికి పిలవాలి. వినడానికి ఇంతే. కానీ ఆమె ఆ పని చేసే తీరు వేరు. చీటీ రాయించుకున్న ప్రతి తల్లి దగ్గరికీ వెళ్ళి, పక్కన కూర్చుని, "ఇంట్లో ఎలా పిలుస్తారమ్మా?" అని అడిగేది. తల్లి పలికి చూపిస్తే, చీటీ మీద పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకునేది. సాగదీసే చోట చిన్న గీత, నొక్కే చోట చుక్క. జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్న బిడ్డకు తెలియని చోట తెలిసినట్టు ఉండేది తన పేరొక్కటేననీ, అది కూడా పరాయిగా వినపడితే సగం భయం అక్కడే పుడుతుందనీ ఆమె నమ్మకం. ఒకసారి నలుగురు తాతల పేర్లు కలిపి పెట్టిన ఒక బుడతడు వచ్చాడు. ఇంట్లో వాడిని అందరూ చిట్టెలుక అంటారని తల్లి సిగ్గుపడుతూ చెప్పింది. వాడి వంతు రాగానే ఆమె గుమ్మంలో నిలబడి, "చిట్టెలుకగారూ, లోపలికి దయచేయండి" అని పిలిచింది. వరండా అంతా నవ్వింది. రెండు రోజులుగా ముద్ద ముట్టని ఆ పిల్లవాడు కూడా తల్లి భుజం మీద నుంచి తల తిప్పి నవ్వాడు. అలా ఆమెకు పిలుపులమ్మ అనే పేరు పడిపోయింది. అసలు పేరు జీతం పుస్తకంలో తప్ప ఇంకెక్కడా వాడుకలో లేకుండా పోయింది.

ఇంతమంది పిల్లల పేర్లు నోట్లో తిరిగే మనిషికి వినాలని ఉన్నది మాత్రం ఒక్క పేరు, ఒక్కరి నోటి నుంచి. ఆ పేరు పోయిన తన కూతురిది. ఆ నోరు కట్టుకున్న భర్తది. ఆయన ఆ పేరు పలికి పదకొండేళ్ళయింది.

ఆయన అచ్చుకూటంలో పనిచేసేవాడు. సీసపు అక్షరాలను గూళ్ళలోంచి ఏరి వరస కూర్చడం ఆయన పని. శుభలేఖలు, దుకాణాల కరపత్రాలు, పోయినవాళ్ళ జ్ఞాపకార్థం పంచే కార్డులు, అన్నీ ఆయన వేళ్ళ కింది నుంచే వెళ్ళేవి. ఇరవై ఏళ్ళలో ఆయన చేతికి తగలని పేరు లేదనుకునేవాళ్ళు. భార్యకు నెలలు నిండుతున్నప్పుడు ఆయన ఒకటే మాట పట్టుకున్నాడు. తన చేతి కిందికి ఇంతవరకు ఒక్కసారి కూడా రాని పేరు పెడతానని. ఎన్ని నెలలు వెతికాడో, ఎక్కడ పట్టుకొచ్చాడో, ఆడపిల్ల పుట్టిన మూడోరోజున ఒక మూడక్షరాల పేరు చెప్పాడు. ఎవరూ విని ఎరగరు. ఆయన అక్కగారు బిడ్డను ఒళ్ళో పెట్టుకుని, "ఇదేం పేరురా తమ్ముడూ, మందు సీసా మీద రాసినట్టుంది" అంది. పక్కింటి ముసలాయన రోజుకో రకంగా పిలిచి, చివరికి విసిగిపోయి, "మీ అమ్మాయి పేరు పలకాలంటే నా పళ్ళు నాకు కావాలి" అన్నాడు. బడిలో చేర్చిన మొదటి రోజు పంతులమ్మ హాజరు పట్టీలో ఆ పేరు దగ్గర ఆగి, నీళ్ళు తాగి, మళ్ళీ మొదలుపెట్టిందట.

పిలుపులమ్మకే ఆ పేరు సరిగా అబ్బడానికి నెల పట్టింది. ఆయన పలికితే మాత్రం అందులో కష్టమేమీ కనిపించేది కాదు. ఒక్కో అక్షరాన్ని గూట్లోంచి తీసి, వెలుతురుకు పట్టి చూసి, పక్కపక్కన పేర్చినట్టు పలికేవాడు. రెండో అక్షరం తర్వాత ఒక్క క్షణం ఆగేవాడు. మూడోదాన్ని నిద్రపోతున్న బిడ్డను మంచం మీద దించినంత మెల్లగా దించేవాడు. దాని అర్థమేమిటని ఆమె ఎన్నిసార్లు అడిగినా, "పెద్దయ్యాక దానికే చెప్తాను. అది నీకు చెప్తుంది" అని నవ్వేవాడు.

అది పెద్దది కాలేదు. ఆరేళ్ళ వయసులో విడవని జ్వరం వచ్చి, ఇదే ఆస్పత్రిలో, కిటికీ పక్క మంచం మీద ఐదు రోజులుండి పోయింది. ఆ రోజుల్లో ఇక్కడ పేర్లు పిలిచే పద్ధతి లేదు, అంకెలే పిలిచేవారు. వచ్చిన రోజున లోపలి నుంచి "పద్నాలుగు" అని కేక వినపడితే, పిల్ల తల్లి మెడ పట్టుకుని, "నన్ను పద్నాలుగు అంటున్నారేంటమ్మా?" అని అడిగింది. ఆ మాట ఆమెను ఎంతకీ వదల్లేదు. బిడ్డ పోయిన మూడు నెలలకు తిన్నగా పెద్ద డాక్టరుగారి దగ్గరికి వెళ్ళి, తనకు ఐదో తరగతి దాకా చదువు వచ్చనీ, ఎంత ఇస్తే అంత తీసుకుంటాననీ, పిల్లల్ని పేర్లు పెట్టి పిలిచే పని ఇప్పించమనీ అడిగింది. ఆయన కాసేపు ఆమె మొహం చూసి, గుమ్మం పక్కన ఒక కుర్చీ వేయించాడు. దేవుడు కొందరి గుండెల్లో అడక్కుండానే అర్థమయ్యే తెలివి పెడతాడు. ఆ కుర్చీలో ఆమె కూర్చున్నది తక్కువే గానీ, ఆయన వేయించిన సంగతి మాత్రం ఎన్నడూ మరవలేదు.

భర్త ఆ పేరును అచ్చులో కూర్చింది ఒక్కసారే, బిడ్డ జ్ఞాపకంగా పంచిన కార్డు కోసం. పని అయ్యాక అక్షరాలను విడదీసి దేని గూట్లో దాన్ని వేయడం అచ్చుకూటం పద్ధతి. ఆ మూడింటినీ విడదీయడానికి ఆయనకు చెయ్యి ఆడలేదు. పక్కన పనిచేసే అతను వచ్చి, ఆ మూడూ తీసి గూళ్ళలో వేసి, తన పనికి తాను వెళ్ళిపోయాడు.

ఇంట్లో మాత్రం ఆ పేరు పోలేదు. భోజనాల దగ్గర ఆయన ఆ పేరు పలికి, ఉండి ఉంటే ఈ ఏడు మూడో తరగతి అనేవాడు. వాన పడితే ఆ పేరు పలికి, గొడుగు లేకుండా వీధిలోకి ఉరికేదని గుర్తు చేసేవాడు. ఆమె ఏడ్చేది, ఆయన ఆమె గ్లాసులో నీళ్ళు పోసేవాడు. నాలుగేళ్ళు వాళ్ళిద్దరూ ఆ పేరును ఇలా ఒకరి చేతిలోంచి ఒకరు అందుకుంటూ బతికారు.

ఆ తర్వాత ఒక వాన మధ్యాహ్నం, కుట్టు మిషను అమ్మాయి ఒకతె పద్దెనిమిది రోజుల పసికందును తువ్వాల్లో చుట్టుకుని పరుగున వచ్చింది. బిడ్డకు ఊపిరి అందడం లేదు. చీటీ మీద పేరు లేదు. అత్తగారు ఒకటనీ, మామగారు ఒకటనీ, మరిది ఇంకొకటనీ పట్టుబట్టి కూర్చోవడంతో పేరు తేలలేదట. "మా ఇంట్లో పేర్లు తొమ్మిదున్నాయండీ, పిల్ల ఒక్కతే" అంది ఆ అమ్మాయి, వణుకుతూనే. ఆ వణుకులో ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. లోపల డాక్టరుగారు గొట్టం అమరుస్తూ, "పేరు?" అని గట్టిగా అడిగాడు. ఆయనకు కావలసింది కాగితం మీద రాయడానికి ఏదో ఒకటి. పిలుపులమ్మకు మాత్రం తువ్వాల్లోంచి బయటికి కనిపిస్తున్న ఆ చిన్న పిడికిలి తప్ప మరేదీ కనిపించలేదు. పేరు లేని బిడ్డను ఎలా పిలవడం, ఏమని రమ్మనడం. నోట్లోంచి తన కూతురి పేరు వచ్చేసింది.

డాక్టరుగారు రాసుకున్నాడు. ఆమె తొట్టె మీదికి వంగి, సాయంత్రం డ్యూటీ దిగేదాకా, ఆ పేరుతో ఆ బిడ్డను పిలుస్తూనే ఉంది. మర్నాడు పొద్దున ఆమె వచ్చేసరికి పాప గులాబీ రంగు తిరిగి, పాల కోసం గుక్కపెట్టి ఏడుస్తోంది. కుట్టు అమ్మాయి ఆమె రెండు చేతులూ పట్టుకుని, "ఎవరిదమ్మా ఆ పేరు?" అని అడిగింది.

"ఎవరిదీ కాదమ్మా. అప్పటికి అలా తోచింది" అంది పిలుపులమ్మ.

అప్పుడే కోలుకుంటున్న తల్లితో ఆ పేరు గల బిడ్డ పోయిందని ఎలా చెప్పడమని ఆమె దేవుడికి సమాధానం చెప్పుకుంది. ఆ రోజుకు అది నిజమే కావచ్చు.

ఇంటికి వెళ్ళి భర్తకు చెప్పింది. ఆయన చేతుల సిరా కడుక్కుంటున్నాడు. చెప్పడం పూర్తయ్యేదాకా అలాగే నిలబడి, నీళ్ళు కట్టేసి, "నన్నొక మాట అడగాల్సింది" అన్నాడు. కోపం లేదు. గొంతు పెంచలేదు. భోజనం దగ్గర రోజూ పలికే పేరు ఆ రోజు పలకలేదు. మర్నాడూ పలకలేదు. నెల తిరిగేసరికి ఆమెకు అర్థమైంది. తాను ఇచ్చేసింది ఒక్క పేరు కాదు, ఆ ఇంట్లో మిగిలిన పలకరింపు మొత్తం అని.

కుట్టు అమ్మాయి మిషను మీద పసిపిల్లల గౌన్లు కుట్టి అమ్మేది. కడుపుతో ఉన్నవాళ్ళూ, కొత్తగా కన్నవాళ్ళూ ఆమె గుమ్మం తొక్కకుండా ఉండేవాళ్ళు కాదు. వచ్చినవాళ్ళకు కొలతలు తీసుకుంటూ, చేతిలోంచి జారిపోతున్న తన బిడ్డ ఆ పేరు పెట్టి పిలవగానే వెనక్కి తిరిగి వచ్చిన కథ చెప్పేది. తన పిల్ల గౌను మీద ఆ మూడక్షరాలూ నీలం దారంతో కుట్టింది. అడిగినవాళ్ళకు వాళ్ళ పిల్లల గౌన్ల మీదా కుట్టి పెట్టింది. బలహీనంగా పుట్టిన బిడ్డ ఉన్న ఇల్లల్లా ఆ పేరు వెతుక్కుంటూ వచ్చింది. రెండేళ్ళలో పిలుపులమ్మ చేతికి వచ్చే చీటీల్లో అది వారానికొకసారి కనిపించసాగింది. ఇంకో రెండేళ్ళకు రోజుకొకసారి. ఒక పూట ఆమె ఆ పేరు పిలిస్తే ముగ్గురు తల్లులు ఒక్కసారిగా లేచారు. "మెల్లగా తల్లీ, ఇదేం బస్సు కాదు, సీట్లు అందరికీ ఉన్నాయి" అంది. అందరూ నవ్వారు. ఆమె గుమ్మం వైపు తిరిగి చెంప తుడుచుకుంది.

ఒక్కొక్కరు ఒక్కో రకంగా పలికేవాళ్ళు. కొందరు మొదటి అక్షరం మీద బరువంతా వేసి మిగతా రెండూ మింగేసేవాళ్ళు. కొందరు చివర సాగదీసి పాటలా చేసేవాళ్ళు. ఒక నాయనమ్మ దాన్ని తెంచి రెండక్షరాలు చేసేసింది, తన మనవరాలికి ఆ మాత్రం చాలంది. పిలుపులమ్మ ఎవరినీ దిద్దలేదు. ఎవరింటి తీరు వారిదని చీటీ మీద గుర్తు పెట్టుకుని, వాళ్ళు పలికినట్టే పలికేది. కానీ ఇన్ని రకాలు విన్నా, ఆయన పలికినట్టు, రెండో అక్షరం తర్వాత ఆ ఒక్క క్షణం ఆగి పలికినవాళ్ళు ఒక్కరూ లేరు.

"ఇది ప్రాణం నిలబెట్టే పేరటగా పిలుపులమ్మా?" అని అడిగేవాళ్ళు. "అంతా దేవుడి దయమ్మా" అనేదామె. అవుననీ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు.

ఈలోగా అచ్చుకూటం మూతపడింది. సీసపు అక్షరాలు తూకానికి పోయాయి. ఆయన ఒక కంప్యూటరు కార్డుల దుకాణంలో తప్పులు దిద్దే పనికి కుదిరాడు. పుట్టినరోజు పిలుపుల్లో ఆ పేరు తరచుగా వచ్చేది. వస్తే ఆ కాగితం పక్క కుర్చీ అమ్మాయి వైపు జరిపేవాడట. ఆ అమ్మాయే ఒకసారి బజారులో కనపడి, "బాబాయిగారికి ఆ ఒక్క పేరు కళ్ళకు ఆనదు పిన్నీ, ఎందుకో" అని నవ్వుతూ చెప్పింది. పిలుపులమ్మ కూడా నవ్వింది. ఏం చేస్తుంది?

ఇస్త్రీ దుకాణం నడిపే ఒకామెకు పెళ్ళయిన ఎనిమిదేళ్ళకు ఆడపిల్ల పుట్టింది. పుట్టుకతోనే గుండె బలహీనం. ఎవరో చెబితే వెళ్ళి ఆ పేరు పెట్టుకుంది, నీలం దారం గౌనూ కుట్టించుకుంది. పద్నాలుగు నెలలు ఆ బిడ్డ ఆస్పత్రికీ ఇంటికీ మధ్యే పెరిగింది. చాలాసార్లు వాళ్ళను నేరుగా లోపలికి తీసుకుపోయేవారు గనుక, వరండాలో కూర్చోబెట్టి ఇంట్లో ఎలా పిలుస్తారని అడిగే తీరిక పిలుపులమ్మకు ఎప్పుడూ దొరకలేదు. ఒకరోజు పన్నెండు గంటల వేళ లోపలి నుంచి నర్సు బయటికి వచ్చి, ఆమె కళ్ళలోకి చూసి, తల అడ్డంగా ఊపి వెళ్ళింది. వరండా నిండా జనం. పిలుపులమ్మ చేతిలోని తర్వాతి చీటీ చూసింది. దాని మీదా అదే పేరు. తలుపు తీసుకుని ఇస్త్రీ ఆమె బయటికి వస్తోంది, చేతుల్లో ఖాళీ తువ్వాలు. పిలుపులమ్మ ఆ పేరు పైకి పిలవలేదు. చీటీ మడిచి పిడికిట్లో పెట్టుకుని, బల్లల మధ్య నుంచి నడిచి, ఆ రెండో బిడ్డ తల్లి భుజం తట్టి చేత్తో లోపలికి దారి చూపించింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒక బిడ్డను పేరు పెట్టి పిలవకుండా పంపింది ఆ ఒక్కసారే.

అదే నెలలో భర్త గొంతు బొంగురుపోయింది. పడిశమనుకున్నారు. మిరియాల కషాయమనీ, ఉప్పునీళ్ళనీ తోచినవన్నీ చేసి, చివరికి పెద్ద డాక్టరుగారి చీటీతో ఇంకో ఆస్పత్రికి వెళ్తే, స్వరపేటికలో పుండు ఉందన్నారు. కోసి తీసేస్తే ప్రాణానికి భయం లేదట, మాట మాత్రం మిగలదట. వచ్చే సోమవారం ఆపరేషనుకు రమ్మన్నారు. ఆయన తేలిగ్గా తీసుకున్నాడు. "ఇక ఇంట్లో నీదే రాజ్యం. ఎదురు చెప్పేవాడు ఉండడు" అన్నాడు. కప్పు మీద కారే చోటు గురించీ, గ్యాసు పొయ్యి మరమ్మతు చేసే అతని గురించీ, ఇన్నాళ్ళూ చెప్పక దాచుకున్న చిన్న చిన్న సంగతులన్నీ బొంగురు గొంతుతో చెప్పుకుపోతున్నాడు. ఆమె వింటోంది. ఆ మాటల్లో ఆ ఒక్క పేరు వస్తుందేమోనని చెవులు రిక్కించి వింటోంది. రాలేదు. రెండుసార్లు భోజనం దగ్గర ఆమే ఎత్తబోయింది. "ఏవండీ, ఒక్కసారి..." అనగానే ఆయనకు తెలిసిపోయేది. "పాలు పొంగుతాయి, చూడు" అనేవాడు. ఆమె లేచి వెళ్ళేది. పొయ్యి మీద పాలే ఉండేవి కావు.

శుక్రవారం మధ్యాహ్నం, చీటీలన్నీ అయిపోయి వరండా ఖాళీ అయ్యాక, చివరి బల్ల మీద ఒక ఆమె చేతిలో బిడ్డ లేకుండా కూర్చుని ఉంది. ఇస్త్రీ దుకాణం ఆమె. పిలుపులమ్మ దగ్గరికి వెళ్ళి, టీ తెప్పిస్తానంది. వద్దంది ఆమె. ఒక్క సంగతి కనుక్కుని పోతానంది.

"మీరు పెద్దవాళ్ళు, నిజం చెప్పండి. నేను తప్పు పలికానా?"

పిలుపులమ్మకు వెంటనే అర్థం కాలేదు.

"ఆ పేరు పిన్నీ. కుట్టు అమ్మాయి చివర సాగదీసి అంటుంది. మా ఇంట్లో పొట్టిగా అనేవాళ్ళం. మా ఆయనైతే మధ్య అక్షరం నొక్కేవాడు, వద్దన్నా వినేవాడు కాదు. సరిగా పలకలేదని పనిచేయలేదా? నెల రోజులుగా అద్దం ముందు నిలబడి రకరకాలుగా పలికి చూస్తున్నాను. ఏది అసలుదో తెలియడం లేదు. ఇప్పుడు తెలిసీ చేసేదేమీ లేదనుకోండి. నా వల్లే పోయిందా అన్నది తెలిస్తే చాలు."

పిలుపులమ్మ బల్ల అంచు పట్టుకుని ఆమె పక్కనే కూర్చుంది. పదకొండేళ్ళుగా దేవుడి దయ అని దాటవేస్తూ వచ్చిన మాట, ఇప్పుడు ఒక తల్లి మెడకు ఉరిగా చుట్టుకుని ఎదురుగా కూర్చుని ఉంది.

"నువ్వేమీ తప్పు పలకలేదమ్మా" అంది. "ఆ పేరులో ఏ మహిమా లేదు. ఉంటే ముందు నా బిడ్డకు పనిచేసేది."

అన్నీ చెప్పింది. ఆరేళ్ళ పిల్ల సంగతి, కిటికీ పక్క మంచం సంగతి, ఎవరిదీ కాదని ఆడిన అబద్ధం సంగతి. ఇస్త్రీ ఆమె అంతా విని, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగింది.

"ఆశమ్మా" అంది పిలుపులమ్మ. "రోజుకు నాలుగుసార్లు ఎవరో ఒకరు నా పిల్లను పిలుస్తుంటే వినే ఆశ. నిజం చెబితే ఇక ఆ పేరు ఎవరూ పెట్టరు కదా. నువ్వు వీధిలో నిలబడి అందరికీ చెప్పుకున్నా నేను కాదనను. చెప్పాల్సిన మాటే అది."

ఇస్త్రీ ఆమె మొహంలోకి కోపం వచ్చింది, కాసేపు నిలిచింది. తర్వాత అది దానంతటదే దిగిపోయింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటూ, దుకాణానికి ఆ నీలం దారం గౌన్లు వస్తూనే ఉన్నాయనీ, ఆ అక్షరాల మీద వేడి పెట్టెను ఆనించలేక చుట్టూ తిప్పి వదిలేస్తున్నాననీ, ముడతలు ఉండిపోయాయని బట్టలవాళ్ళు తిడుతున్నారనీ చెప్పింది.

"అందరికీ చెప్పి ఏం చేస్తాను పిన్నీ? ఆ గౌన్లేసుకున్న పిల్లల తల్లులకు ఇక కంటి మీద కునుకుంటుందా? పోనీండి. నా వల్ల కాదని తెలిసింది, అది చాలు."

లేవబోయి, మళ్ళీ కూర్చుంది.

"ఇంతకీ దాని అర్థమేమిటి? పెట్టాను గానీ, నా పిల్లకు ఏం పేరు పెట్టుకున్నానో నాకే తెలియదు."

"నాకూ తెలియదమ్మా. తెలిసిన మనిషి ఒక్కరే ఉన్నారు."

వరండా చివర నేల తుడిచే అతను తడి ఆరేదాకా అటు రావద్దని ఎవరికో చెబుతున్నాడు. పిలుపులమ్మ ఇస్త్రీ ఆమె చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది. ఆ అరచేయి గరుకుగా, వేడిగా ఉంది. తాను అడగబోయేది ఇవ్వాల్సినవాళ్ళ దగ్గర కాక, తన వల్ల నష్టపోయిన మనిషి దగ్గర అడుగుతున్నానని ఆమెకు తెలుసు. అయినా ఇక వేరే దారి కనిపించలేదు.

"ఒక్క ఉపకారం చేస్తావా తల్లీ? కాదంటే ఏమీ అనుకోను. మా ఆయనకు సోమవారం దాకా గొంతు ఉంటుంది, ఆ తర్వాత ఉండదు. రేపో ఎల్లుండో మా ఇంటికి రా. ఆయన ఎదురుగా కూర్చుని, నీ పాప సంగతి చెప్పు. చెప్పి, ఆ పేరు ఎలా పలకాలో, దాని అర్థమేమిటో ఆయన్నే అడుగు. నేనడిగితే మాట మార్చేస్తున్నారు. నువ్వడిగితే మార్చలేరు. నేను మీ ఎదురుగా ఉండనులే, వంటగదిలో ఉంటాను. తలుపు మాత్రం వేసుకోను."